తుప్పు ఎత్తుకెళ్ళిన దొంగ

పోయిందేమిటని ఆరాలమ్మ అడిగితే, పళ్ళ డాక్టరు "మురికి" అన్నాడు.

తను సరిగ్గా వినలేదేమోనని ఆమె మళ్ళీ అడిగింది. ఆయన మళ్ళీ అదే మాట చెప్పి, జేబురుమాలు తీసి కళ్ళొత్తుకున్నాడు.

డిటెక్టివుగా ఆరాలమ్మ నగలు పోగొట్టుకున్నవాళ్ళని చూసింది, కుక్క తప్పిపోయినవాళ్ళని చూసింది, మొగుడు కనబడటం లేదని పరుగున వచ్చి, నాలుగు రోజులు హాయిగా గడిపాక ఇక వెతకొద్దులెండి అని చెప్పిపోయిన ఇల్లాలిని కూడా చూసింది. మురికి పోయిందని ఏడ్చే మనిషిని చూడటం మాత్రం ఇదే మొదలు. ఏ సంగతైనా ఆరా తీయందే వదలదని ఊరంతా కలిసి ఆమెకు పెట్టిన పేరే ఆరాలమ్మ. అసలు పేరు కట్టుకున్నవాడికి కూడా ఒక్కోసారి గుర్తురాదు.

"కూర్చుని మొదటినుంచీ చెప్పండి డాక్టరుగారూ," అంది.

"కూర్చోలేనమ్మా. మీరే వచ్చి చూడండి."

వైద్యం చేసే గదికి వెనకాల ఇంకో చిన్న గది ఉంది. అందులో పొడుగాటి బల్ల, బల్ల మీద మెడ వంచిన దీపం, భూతద్దం, పళ్ళు గీకే కొక్కేలు, రంగుల సీసాలు. మధ్యలో ఒక చెక్కపలక, దాని మీద మూరెడు పొడవు కారు. పాతకాలం కారు. గుండ్రటి దీపాలు, ఉబ్బిన మడ్‌గార్డులు, మీగడ రంగు. ముందు మడ్‌గార్డు మీద ఒక్క సొట్ట తప్ప, షోరూములోంచి అప్పుడే దిగినట్టు తళతళలాడిపోతోంది.

"బాగుందండీ," అంది ఆరాలమ్మ.

అనకూడని మాట అన్నానని ఆమెకు వెంటనే తెలిసిపోయింది. డాక్టరు గోడకు చేరగిలబడ్డాడు.

"బాగుందా? పొద్దున చూడాల్సింది మీరు. ముట్టుకుంటే చేతికి తుప్పంటేది. ఆరు నెలల కష్టమమ్మా అది."

అప్పుడు సంగతంతా బయటికొచ్చింది. అది జడ్జిగారి కారుకి నమూనా. రిటైరైన జడ్జిగారు ఊరి చివర పెద్ద ఇంట్లో ఒంటరిగా ఉంటారు. ఆయన తండ్రి కొన్న కారు షెడ్డులో పడి ఉంది. అలాంటి కారు ఇంకెక్కడా ఉండదు. ఎందుకంటే ఆ తండ్రిగారు తాటిచెట్టంత మనిషి, పైగా టోపీ తీయడం ఆయనకు తల తీసేసినంత పని. కారు కొన్న వారానికే వర్క్‌షాపుకి పంపించి, పైకప్పు కోయించి, నాలుగు వేళ్ళ ఎత్తు పెంచి మళ్ళీ అతికించారు.

"బజార్లో దొరికే బొమ్మకారు కిట్టుకి మామూలు కప్పే ఉంటుంది," అన్నాడు డాక్టరు. "నేను రెండు కిట్లు కొన్నాను. ఒకదాని కప్పు కోసి రెండోదాని మీద అతికాను. సందుల్లో పళ్ళకి నింపే సిమెంటు నింపాను. అదంతా ఒక ఎత్తు. అసలు విద్య దాన్ని పాతబరచడంలో ఉంది. కొత్త కారు ఎవడైనా చేస్తాడు. ఇరవై ఏళ్ళు షెడ్డులో మగ్గిన కారు చేయాలంటే ప్రాణం పెట్టాలి. ఇనపరజను వెనిగర్‌లో నానేస్తే తుప్పు. సుద్దముక్కలు అరగదీస్తే దుమ్ము. వాడేసిన టీపొడి ఎండబెట్టి దంచితే మట్టి. ప్రతి ఆదివారం ఆ షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చుని, ఏ మచ్చ ఎక్కడుందో చూసొచ్చి, అదే మచ్చ అక్కడే వేశాను. ఎల్లుండి నమూనాల ప్రదర్శన. ఇవాళ మధ్యాహ్నం వార్నిష్ కొట్టాల్సింది. కొట్టి ఉంటే ఇక చెక్కుచెదిరేది కాదు."

"ఎప్పుడు చూశారు చివరిసారి?"

"పొద్దున పేషెంట్ల దగ్గరికి వెళ్ళేముందు. అప్పటికి శుభ్రంగా మురిగ్గానే ఉంది. భోజనానికి లేచి వచ్చేసరికి ఇదిగో, ఇలా."

ఆరాలమ్మ గుమ్మంలోనే ఆగి గదంతా ఒకసారి చూసింది. దొంగతనం జరిగిన గది ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఇది అలా లేదు. మూల సింకు దగ్గర సబ్బు ఉంది, అరిగింది. గ్లాసులో కొత్త టూత్‌బ్రష్షు నిలబెట్టి ఉంది, పేషెంట్లకి ఊరికే ఇచ్చే రకం. ముట్టుకుంటే తడి. కుర్చీ వీపు మీద ఒక గుడ్డ, గట్టిగా పిండి, అంచుకి అంచు కలిపి ఆరేసి ఉంది. బల్ల మీద కుంచెలు పొడుగువన్నీ ఒక పక్క, పొట్టివన్నీ ఒక పక్క వరసలో పడుకున్నాయి.

"కుంచెలు మీరే సర్దారా?"

"నేనా?" అన్నాడు డాక్టరు. "పెళ్ళైన దగ్గర్నుంచీ నేను సర్దిన వస్తువు ఒక్కటుంటే మా ఆవిణ్ణి చూపించమనండి."

"లేదు," అంది డాక్టరు భార్య, ఎప్పుడొచ్చిందో గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి. "మీరూ మా ఆయన్ని ఊరికే ఓదార్చకండమ్మా. ఒక సబ్బుముక్కతో పోయిన దరిద్రానికి డిటెక్టివుని పిలవడమేమిటి? నా వంటింట్లో వెనిగర్ లేదు, టీపొడి లేదు, నా మేజోళ్ళు చింపి అందులో సుద్ద జల్లించారు."

"పొద్దున ఈ గదిలోకి బయటివాళ్ళెవరైనా వచ్చారా?"

"పేషెంట్లంతా ముందుగదిలోనే," అంది ఆవిడ. "వెనక్కొచ్చిన బయటి మనిషంటే జడ్జిగారొక్కరే. కిటికీ దగ్గర నిలబడి, వార్నిష్ కొట్టేశాడా అని అడిగారు. ఇంకా లేదన్నాను. వెళ్ళిపోయారు."

ఆరాలమ్మ ఆ మాటని మనసులో ఒక మూల పెట్టుకునేలోపే వీధిలో జీపు ఆగిన చప్పుడైంది. ఆ చప్పుడు వింటూనే ఆమె నిట్టూర్చింది.

ఇన్‌స్పెక్టరు ఆమెకు స్వయానా మరిది. అతని తల్లితో కలిసి ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటారు. కేసు దగ్గర కలిశారంటే మాత్రం పాము, ముంగిస. పోయిన నాలుగు కేసుల్లో నాలుగూ ఆమే తేల్చింది. ఆ నాలుగు రోజులూ ఇన్‌స్పెక్టరు ఆకలి లేదని చెప్పి త్వరగా పడుకున్నాడు.

ఇవాళ మాత్రం అతని నడకలో హుషారుంది.

"వదినా, మీరు అప్పుడే వచ్చేశారా? సరే, చూడండి, నేర్చుకుంటారు." టోపీ తీసి చంకలో పెట్టుకుని కారుని, సింకుని, డాక్టరు భార్యని వరసగా చూశాడు. "తేలిపోయింది. అమ్మా, మీరు వీధిలో నలుగురి ముందూ ఏమన్నారు? ఈ ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి అన్నారా లేదా?"

"అన్నాను. ఇప్పుడూ అంటాను."

"ఒప్పేసుకున్నారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు వదిన వైపు తిరిగి.

"నేనే చేయదలుచుకుంటే కడుగుతానా నాయనా? సుత్తి తీసుకునేదాన్ని. సుత్తి ఎక్కడుందో కూడా నాకు తెలుసు."

ఆ జవాబులో ఉన్న నిజాయితీకి డాక్టరు ఒక అడుగు వెనక్కేశాడు. ఇన్‌స్పెక్టరు కాస్త తడబడి, మాట మార్చాడు.

"ఏదైతేనేం, ఇది చిన్న కేసు. నాది పెద్ద కేసు, ఇవాళ పొద్దునే మూసేశాను. నా జీపుని కాలవలోకి తోసినవాడు దొరికాడు."

ఆ ఘనకార్యం ఊరందరికీ తెలిసిందే. పోయిన వారం ఇన్‌స్పెక్టరు గడ్డం గీయించుకుంటుండగా, మంగలి షాపు ముందు నిలిపిన జీపుని వెనకనుంచి ఏదో కారు గుద్దింది. జీపు దొర్లుకుంటూ పోయి కాలవలో కూర్చుంది. అతను సబ్బునురగతోనే బయటికి పరిగెత్తాడు. నురగ కళ్ళలో పడి ఏమీ కనిపించలేదు. పారిపోయిన బండి తెల్లగా ఉందని మంగలి చెప్పాడు.

"ఎవరు దొరికింది?" అంది ఆరాలమ్మ.

"రొట్టెల వ్యానువాడు. తెల్ల వ్యాను. స్టేషనుకి తీసుకురాగానే, తప్పైపోయింది సార్ అన్నాడు."

"దేనికి తప్పైపోయిందన్నాడు?"

"నా కాలు తొక్కాడు. అయినా మాట మాటే కదా."

"వాడి భార్య పొద్దుట్నుంచీ స్టేషను మెట్ల మీద కూర్చుని ఉంది. వచ్చేటప్పుడు చూశాను. వ్యాను లోపలుంటే రేపట్నుంచి ఉద్యోగం ఉండదంటోంది. నీ జీపు మీద అంటిన రంగు తెలుపేనా?"

ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు. "మీగడ రంగు. మీగడకీ తెలుపుకీ ఎంత తేడా వదినా? అన్నదమ్ముల్లాంటివి."

ఆరాలమ్మ కళ్ళు బల్ల మీద తళతళలాడుతున్న మీగడ రంగు మీద నిలిచిపోయాయి. కాసేపటికి కుర్చీ లాక్కుని డాక్టరు ఎదురుగా కూర్చుంది.

"డాక్టరుగారూ, మీ మురికి గురించి చెప్పండి. ముందునుంచి వెనక్కి, ఏదీ వదలకుండా."

డాక్టరు మొహం వెలిగిపోయింది. అలా అడిగిన మొదటి మనిషి ఆమె. ముందు బంపరు మీద తుప్పు ఎలా ముదిరిందో చెప్పాడు. దీపాల చుట్టూ సాలెగూడు వేయడానికి పళ్ళ మధ్య తీసే దారాన్ని ఎన్ని పోగులుగా చీల్చాడో చెప్పాడు. బానెట్ మీద పిల్లి పడుకున్న చోట దుమ్ము ఏ ఆకారంలో తక్కువుందో చెప్పాడు. ఇన్‌స్పెక్టరు రెండుసార్లు ఆవలించాడు. డాక్టరు భార్య గుమ్మానికి ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఆరాలమ్మ మాత్రం రెప్పవేయకుండా విన్నది.

"ఇక ఎడమ పక్క ముందు మడ్‌గార్డు. అది నేను రెండుసార్లు చేశానమ్మా."

"రెండుసార్లా?"

"అన్యాయం కదా. మొత్తం పూర్తయిపోయింది అనుకున్నాక, పోయిన ఆదివారం వెళ్తే అక్కడ సొట్ట ఉంది. అంతకుముందు లేదు. మిగతాదంతా ముదురు తుప్పు, సొట్టలో మాత్రం రేకు మెరుస్తోంది, తుప్పింకా ఎక్కలేదు. అంచున నీలం రంగు గీరుకుని ఉంది. చూశాక వేయకుండా ఎలా ఉంటాను? పాత మడ్‌గార్డు పీకి కొత్తది పెట్టి, వేడిచేసి సొట్ట నొక్కి, ఆ నీలం కోసం మూడు రంగులు కలిపాను."

ఇన్‌స్పెక్టరు ఆవలింత సగంలో ఆగిపోయింది.

"ఆ నీలం మిగిలిందా?" అంది ఆరాలమ్మ.

డాక్టరు కిటికీ గట్టు మీదనుంచి ఒక సీసా మూత తీసిచ్చాడు. అడుగున నీలం రంగు గడ్డకట్టి ఉంది. ఆరాలమ్మ ఆ మూత పట్టుకుని వీధిలోకి నడిచింది. వెనకాల ఇన్‌స్పెక్టరు, అతని వెనక డాక్టరు, అందరికన్నా వెనక డాక్టరు భార్య.

జీపు వెనక బంపరుని తాడుతో కట్టి ఉంచారు. బంపరు పక్కన రేకు లోపలికి పోయి, అక్కడ మీగడ రంగు చారలున్నాయి. ఆరాలమ్మ మూతని జీపు ఒంటికి ఆనించింది. ఏది మూతలో రంగో, ఏది జీపు రంగో చెప్పడం కష్టమైంది.

"అబ్బ, ఎంత బాగా కలిసిందో," అన్నాడు డాక్టరు మురిసిపోతూ.

"నీ జీపుని గుద్దింది రొట్టెల వ్యాను కాదు మరిదీ," అంది ఆరాలమ్మ. "ఇరవై ఏళ్ళుగా కదల్లేదంటున్న కారు. అది కదిలిందని ఊరికెవరికీ తెలియదు. ఈయన చేసిన మురికికి తెలుసు. ఎల్లుండి ప్రదర్శనలో అందరికీ తెలిసేది. అందుకే ఎవరో దాన్ని కడిగేశారు. నీలం పోతే, వట్టి సొట్ట చూసి నీ జీపుని ఎవరూ తలుచుకోరు. మడ్‌గార్డు ఒక్కటే కడిగితే అనుమానమొస్తుందని మొత్తం కడిగారు. పొద్దున జడ్జిగారు ఇక్కడికొచ్చి, వార్నిష్ కొట్టేశాడా అని అడిగి వెళ్ళారట."

ఇన్‌స్పెక్టరుకి ఓటమి మింగుడుపడటానికి కాస్త సమయం పట్టింది. మింగాక మాత్రం చకచకా ముందుకు దూకాడు.

"అయితే జడ్జిగారే. కారు ఆయనది. పొద్దున వచ్చి వార్నిష్ సంగతి అడిగాడు. కేసు మళ్ళీ నేనే తేల్చాను. పదండి, అరెస్టు చేద్దాం."

"ముందు స్టేషనుకి ఫోన్ చేసి వ్యానువాణ్ణి వదలమను."

"చేస్తాను."

"ఇప్పుడే చెయ్."

అతను చేశాడు. ఆ రెండు మాటలు చెప్పడానికి మూడుసార్లు దగ్గాడు. అది అయ్యాక ఆరాలమ్మ ఇంట్లోకి నడిచింది, ఇంకా ఏదో మిగిలిపోయినట్టు. జడ్జిగారు పిండిన గుడ్డని అంచుకి అంచు కలిపి ఆరేస్తారంటే ఆమె మనసు ఒప్పుకోవడం లేదు. ఇదివరకోసారి ఆమె ఆయనింటికి వెళ్ళింది. ఆ ఇంట్లో కుర్చీ మీద కూర్చోవాలంటే ముందు కుర్చీ ఎక్కడుందో తవ్వాలి.

బల్ల ముందు వంగి కారుని మరోసారి చూసింది.

"డాక్టరుగారూ, దీని తలుపులు తెరుచుకుంటాయా?"

"లేదమ్మా. అతికేశాను."

"అంటే లోపల ఎవరూ ముట్టుకోలేదు."

"ముట్టుకోలేరు. చూడనూలేరు. అద్దాల మీద దుమ్ము అంత దట్టంగా వేశాను. అయినా లోపల కూడా అచ్చం ఉన్నది ఉన్నట్టే చేశాను. కనపడదు కదా అని తప్పు చేస్తే నిద్ర పట్టదు నాకు."

"ఇప్పుడు కనపడుతుంది," అంది ఆరాలమ్మ. "అద్దాలు కడిగారు కదా."

డాక్టరు పళ్ళు చూసే కళ్ళజోడు అందించాడు. ఆమె అది పెట్టుకుని, దీపం దగ్గరికి లాక్కుని, ముందు అద్దంలోంచి లోపలికి చూసింది. డ్రైవరు సీటు బాగా ముందుకి జరిపి ఉంది. దాదాపు స్టీరింగుకి ఆనుకుని ఉంది. జడ్జిగారు ఆయన తండ్రికి తగ్గ కొడుకు, నిలబడితే గుమ్మం తగులుతుంది. ఆ సీట్లో ఆయన మోకాళ్ళు కూడా పట్టవు. సీటు మీద ఇంకేదో ఉంది. ఎత్తు కోసం వేసిన దిండు. గోరంత దిండు. ఎరుపు గళ్ళు, ఆకుపచ్చ అంచు, మధ్యలో పసుపు బాతు.

ఆరాలమ్మ దీపాన్ని ఇంకాస్త దగ్గరికి లాగింది.

"డాక్టరుగారూ, బాతుకి మూడు కాళ్ళేశారేమిటి?"

"అసలు దిండు మీద అలాగే ఉందమ్మా. ఎవరో అల్లేటప్పుడు లెక్క తప్పారు. నేను రెండు కాళ్ళు వేస్తే అబద్ధమవుతుంది కదా."

ఆమె మెల్లిగా కళ్ళజోడు తీసి మరిదికి అందించింది. ఇన్‌స్పెక్టరు చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. అతని మెడ మీదనుంచి రంగు పైకి పాకి, చెవుల దగ్గర ఆగింది.

"వదినా, ఈ బాతు మన ముందుగదిలో సోఫా మీద ఉండాలి."

"ఉండాలి. రెండు నెలల్నుంచీ లేదు. ఉతకడానికి వేశానని అత్తయ్య చెప్పింది."

"అమ్మకి డ్రైవింగు రాదు."

"మామయ్య ఉన్నంతకాలం నేర్చుకోనివ్వలేదు. ఇప్పుడు నేర్చుకున్నట్టుంది. నేర్పింది జడ్జిగారైతే, కారూ ఆయనదే కాబట్టి, సౌకర్యం."

ఇన్‌స్పెక్టరు కుర్చీ వెతుక్కుని, ఆరేసిన గుడ్డ మీదే కూర్చున్నాడు. "మా అమ్మ నా జీపుని గుద్దిందా?"

ఆరాలమ్మ డాక్టరు భార్య వైపు తిరిగింది. "పొద్దున మా అత్తగారు ఇక్కడికి వచ్చిందా?"

"వచ్చారుగా. పళ్ళ సెట్టు వదులైందన్నారు. ముందుగది నిండిపోయిందని ఈ గదిలో కూర్చోబెట్టాను."

"మరి అడిగితే జడ్జిగారొక్కరే అన్నారు కదా."

"మీరు బయటివాళ్ళెవరైనా వచ్చారా అని అడిగారు. మీ అత్తగారు బయటి మనిషెలా అవుతారమ్మా?" అంది ఆమె, కొంచెం నొచ్చుకుని. "వెళ్తూ వెళ్తూ కూడా, గది ఎంత చెత్తగా ఉందో, కాస్త సర్దాను ఏమనుకోకు అని చెప్పి మరీ వెళ్ళారు. సందు చివర జడ్జిగారు ఎదురుచూస్తున్నారు. కొండ మీద గాలి బాగుంటుంది, సాయంత్రానికల్లా వచ్చేస్తామని చెప్పుకుంటూ పోయారు."

ఆరాలమ్మకు నవ్వొచ్చింది. కోపం కూడా వచ్చింది. రెండిట్లో ముందు ఏది బయటికి రానివ్వాలో తేల్చుకోలేక, కారుని రెండు చేతులా ఎత్తి పక్కన పెట్టింది. కింద చెక్కపలకని షెడ్డు నేలలా చేశాడు డాక్టరు. దాని జోలికి ఎవరూ పోలేదు. ఎడమ ముందు చక్రం ఉన్న చోట పసుపు పచ్చని మరక, చిన్న మడుగులా.

"ఇదేమిటి? ఆయిలా?"

"ఆయిలైతే నల్లగా ఉంటుందమ్మా. ఇది బ్రేకు గొట్టంలోంచి కారుతోంది. పోయిన ఆదివారమే చూశాను. సొట్ట పడ్డప్పుడు గొట్టం కూడా చిట్లినట్టుంది. మంచి రంగు. తేనె, కాస్త వార్నిష్ కలిపి తెచ్చాను ఆ రంగు."

"జడ్జిగారికి చెప్పారా?"

"ఎందుకు? కారు కదలదు కదా అనుకున్నాను," అన్నాడు డాక్టరు. ఆ మాట ఎంత దూరం పోయిందో తనకే అర్థమై నోరు మూసుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు లేచి నిలబడ్డాడు. జేబులో ఫోన్ మోగింది. కొండ దారి మొదట్లో ఉండే చెక్‌పోస్టు నుంచి కానిస్టేబులు. గది చిన్నది కావడంతో అతని గొంతు అందరికీ వినిపించింది.

"సార్, మీగడ రంగు పాత కారు ఒకటి ఇప్పుడే పైనుంచి కిందికి దిగుతూ గేటు దాటి పోయింది సార్. చెయ్యి అడ్డం పెట్టినా ఆగలేదు. గేటు కర్ర విరిగింది. నడుపుతున్న పెద్దావిడ నాకు చెయ్యి ఊపింది కూడా. ఎంత పొగరో చూడండి సార్. ఆగమంటే ఆగలేదు."

ఆరాలమ్మ అప్పటికే జీపు తాళాలు మరిది చేతిలోంచి లాక్కుని గుమ్మం దాటింది.

"ఆగకపోవడం కాదు," అంది పరిగెత్తుతూనే. "ఆగలేకపోతోంది."